మణికట్టు తిప్పితే టీవీ వినాలి: సైఫై ప్రాప్ రెప్లికాను సైగల రిమోట్‌గా మార్చుకోవడం

బీబీసీ సీరియల్ 'డాక్టర్ హూ'లో సోనిక్ స్క్రూడ్రైవర్ మొదటిసారి కనిపించింది 1968లో. చేతిలో ఇమిడే ఆ చిన్న కడ్డీని అటు తిప్పి ఇటు ఊపితే తలుపులు తెరుచుకునేవి, యంత్రాలు మాట వినేవి. దాన్ని చూస్తూ పెరిగినవాళ్లందరికీ ఒకటే కోరిక: ఇది నిజంగా పనిచేస్తే! బ్రిటన్‌కు చెందిన ద వాండ్ కంపెనీ ఆ కోరికను చాలావరకు తీర్చింది. 2009లో మంత్రదండం రూపంలో ఒక రిమోట్ తెచ్చింది, 2012లో సోనిక్ స్క్రూడ్రైవర్‌నే యూనివర్సల్ రిమోట్‌గా తయారుచేసింది. అందులో 13 సైగలు, ఒక్కో సైగకు మూడు వేర్వేరు ఆదేశాలు దాచుకునేలా మూడు మెమరీ బ్యాంకులు ఉంటాయి. అంటే మొత్తం 39 ఆదేశాలు.

ఇలాంటి రెప్లికాను, అంటే తెర మీది వస్తువుకు నకలును, కొని సరిగ్గా వాడుకోవాలనుకునేవారికీ, ఖాళీ షెల్‌లో (బయటి తొడుగులో) సొంతంగా ఒకటి కట్టుకోవాలనుకునేవారికీ ఈ మార్గదర్శి పనికొస్తుంది. రెండు రకాలూ చేతిలో పట్టుకుని నెలల తరబడి వాడాక నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. సైగను గుర్తుపట్టడం అంత కష్టం కాదు. సైగ చేశాక చెయ్యి వెనక్కి వస్తుంది చూడండి, ఆ కదలికను పట్టించుకోకుండా ఉండటమే కష్టం. కింద చెప్పే వాటిలో సగం దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా: మీ పరికరాలు ఇన్‌ఫ్రారెడ్ వింటాయా?

ఈ రెప్లికా రిమోట్లు ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్‌తోనే పనిచేస్తాయి. కంటికి కనిపించని 940 నానోమీటర్ల వెలుగును సెకనుకు దాదాపు 38 వేల సార్లు ఆర్పుతూ వెలిగిస్తూ కోడ్ పంపుతాయి. టీవీలు, సౌండ్‌బార్లు, సెట్‌టాప్ బాక్సులు చాలావరకు దీన్ని వింటాయి. స్ట్రీమింగ్ స్టిక్‌లు, గేమ్ కన్సోళ్ల రిమోట్లు మాత్రం ఎక్కువగా బ్లూటూత్ మీదో వైఫై మీదో నడుస్తాయి. వాటికి ఎన్ని సైగలు చేసినా ఉపయోగం లేదు.

తెలుసుకోవడం తేలిక. ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి, పాత రిమోట్ కొనను దానికి చూపించి ఏదైనా బటన్ నొక్కండి. తెర మీద తెల్లగానో ఊదాగానో చుక్క మిణుకుమంటే అది ఇన్‌ఫ్రారెడ్. వెనక కెమెరాలో ఫిల్టర్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ముందు కెమెరాతోనే చూడండి. చుక్క కనిపించకపోతే రిమోట్‌ను చేత్తో పూర్తిగా మూసి నొక్కి చూడండి. అప్పుడూ పరికరం స్పందిస్తే అది రేడియో రిమోట్.

ఏసీని ఈ పథకంలోంచి తీసేయమంటాను. ఏసీ రిమోట్ 'ఒక డిగ్రీ పెంచు' అని పంపదు. ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం అన్నీ కలిపిన మొత్తం స్థితిని నొక్కిన ప్రతిసారీ ఒకే పొడుగాటి కోడ్‌గా పంపుతుంది. అంత పొడవు కోడ్‌ను చాలా రెప్లికాలు నేర్చుకోలేవు.

కొన్న రెప్లికా అయితే

పెట్టె తెరవగానే కోడ్‌లు నేర్పించకండి. ఇలాంటి వాటిలో ప్రాక్టీస్ మోడ్ ఉంటుంది, మీరు చేసిన సైగను ఏదిగా గుర్తించిందో మాటలోనో శబ్దంలోనో చెబుతుంది. రెండు మూడు రోజులు అందులోనే ఉండండి. పెద్దగా ఊపడం అందరూ చేసే తప్పు. లోపలి సెన్సార్ చూసేది ఎంత దూరం కదిలిందని కాదు, ఎంత చురుగ్గా కదిలి ఎంత ఠక్కున ఆగిందని. భుజం కదలకూడదు, మోచెయ్యి పక్కకు ఆనించి మణికట్టు మాత్రమే ఆడాలి. తడిచేతి నీళ్లు విదిల్చినట్టు చిన్న విసురు చాలు.

తర్వాత కోడ్‌లు నేర్పించండి. అసలు రిమోట్‌ను రెప్లికా రిసీవర్‌కు ఎదురుగా, రెండు మూడు అంగుళాల దూరంలో బల్ల మీద పెట్టండి. ఎండ నేరుగా పడే చోటు, ట్యూబ్‌లైట్ కింద వద్దు, వాటి వెలుగు రిసీవర్‌ను గందరగోళపెడుతుంది. బటన్‌ను నొక్కిపట్టకుండా ఒక్కసారి నొక్కి వదిలేయండి. నొక్కిపడితే కొన్ని రిమోట్లు అసలు కోడ్ తర్వాత 'మళ్లీ' అనే చిన్న సంకేతం పంపుతాయి. రెప్లికా దాన్నే అసలు కోడ్ అనుకుని దాచుకునే ప్రమాదం ఉంది.

13 సైగలు ఉన్నాయి కదా అని 13 పనులూ అప్పగించకండి. నాలుగైదు చాలు. బ్యాంకులు మార్చుకుంటూ 39 ఆదేశాలు గుర్తుపెట్టుకునే ఓపిక వారం తర్వాత ఎవరికీ ఉండదు, ఆపైన రెప్లికా అల్మరా ఎక్కేస్తుంది.

సొంతంగా కట్టేవారికి: షెల్ ఎంపిక

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పరిమిత సంఖ్యలో వచ్చిన, నంబరు వేసిన రెప్లికాకు రంధ్రం పెట్టకండి. ఒకసారి డ్రిల్ తగిలిందంటే సేకరణగా దాని విలువ పోయినట్టే, దాన్ని మళ్లీ తీసుకురాలేం. త్రీడీ ప్రింట్ షెల్ గానీ మామూలు బొమ్మ షెల్ గానీ తీసుకోండి, లేదా మీకు నచ్చిన ఆకారం మీరే గీసుకోండి.

చూడాల్సినవి రెండు. ఒకటి లోపలి వ్యాసం. కింద చెప్పే బోర్డు వెడల్పు 18 మిల్లీమీటర్లు, కాబట్టి లోపల 22 మిల్లీమీటర్లు ఉంటే ఊపిరాడుతుంది. రెండోది కొన. లోహం ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది, రంగు పూత కూడా చాలాసార్లు ఆపేస్తుంది. కొన పారదర్శక యాక్రిలిక్ అయితే మంచిది. కంటికి నల్లగా కనిపిస్తూ ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రం వదిలే ప్లాస్టిక్ కూడా దొరుకుతుంది, రిమోట్ల ముందుభాగంలో ఉండేది అదే. పూత వేసే ముందు ఆ ముక్కను అసలు రిమోట్‌కు అడ్డంగా పెట్టి టీవీ వింటుందో లేదో చూసుకోండి.

కావలసిన భాగాలు

ప్రోగ్రామ్ రాసుకుని నడపగల చిన్న బోర్డు ఆర్డ్యునో ప్రో మినీ, 3.3 వోల్టులు, 8 మెగాహెర్ట్జ్ రకం. దానికి యూఎస్‌బీ పోర్టు ఉండదు కాబట్టి ప్రోగ్రామ్ ఎక్కించడానికి యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ కావాలి. కదలికకు ఎంపీయూ-6050 మాడ్యూల్: త్వరణాన్ని కొలిచే మూడు అక్షాల యాక్సిలరోమీటర్, తిరిగే వేగాన్ని కొలిచే మూడు అక్షాల గైరో ఒకే చిప్‌లో ఉంటాయి. వెలుగుకు టీఎస్‌ఏఎల్6400 ఎల్‌ఈడీ. దీని కాంతి మధ్యగీత నుంచి అటూ ఇటూ 25 డిగ్రీల వరకు పరుచుకుంటుంది. టీఎస్‌ఏఎల్6200 అయితే 17 డిగ్రీలే, దూరం ఎక్కువ పోతుంది కానీ గురి తప్పితే అంతే. చేత్తో తిప్పే వస్తువుకు గురి ఎప్పుడూ కాస్త తప్పుతుంది, అందుకే 6400.

ఇవిగాక 2ఎన్2222 ట్రాన్సిస్టర్, 22 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 470 ఓమ్‌లది ఒకటి, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్, చిన్న బటన్, చిన్న వైబ్రేషన్ మోటార్, దాన్ని నడపడానికి ఇంకో ట్రాన్సిస్టర్, ఒక డయోడ్. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న 150 మిల్లీఆంప్ అవర్ లిథియం పాలిమర్ బ్యాటరీ. కోడ్‌లు చదవడానికి టీఎస్‌ఓపీ38238 రిసీవర్.

మొదటి అడుగు: కోడ్‌లు పట్టుకోవడం

రిసీవర్‌ను షెల్‌లో పెట్టే పని లేదు. ఏదైనా ఆర్డ్యునో బోర్డుకు దాన్ని బయట తగిలించి, ఐఆర్‌రిమోట్ లైబ్రరీలోని రిసీవ్ ఉదాహరణను నడపండి. అసలు రిమోట్‌లో మీకు కావలసిన బటన్లు ఒక్కోటి మూడుసార్లు నొక్కి, తెర మీద వచ్చిన ప్రోటోకాల్ (కోడ్ పంపే పద్ధతి), అడ్రస్ (ఏ పరికరానికి), కమాండ్ (ఏ పని) రాసుకోండి. మూడుసార్లూ ఒకటే వస్తేనే నమ్మండి.

ప్రోటోకాల్ పేరును పట్టించుకోకుండా వదిలేయకండి. ఎన్‌ఈసీ అయితే హాయి. 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 మిల్లీసెకన్ల ఖాళీ, ఆపైన 32 బిట్లు. 38 కిలోహెర్ట్జ్ రిసీవర్‌తో చక్కగా చదవొచ్చు. సోనీ పద్ధతి 40 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది, కోడ్‌ను కనీసం మూడుసార్లు పంపాలి. ఒక్కసారి పంపి టీవీ వినలేదని బెంగపడేవారు చాలామంది. ఫిలిప్స్ ఆర్‌సీ-5లో ఇంకో తిరకాసు ఉంది. నొక్కిన ప్రతిసారీ ఒక టాగిల్ బిట్ 0 నుంచి 1కి, 1 నుంచి 0కి మారుతుంది. మీరు ప్రతిసారీ ఒకే బిట్ పంపితే, బటన్ ఇంకా వదల్లేదని టీవీ అనుకుంటుంది. రెండో నొక్కు నుంచి పనిచేయదు. నా మొదటి రిమోట్ ఒకసారి మ్యూట్ చేసి, మళ్లీ శబ్దం ఇవ్వకుండా మొండికేసింది ఇందుకే. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ అతికించాక గానీ కారణం తట్టలేదు. లైబ్రరీలో ఆర్‌సీ-5 పంపే ఫంక్షన్‌కు ఆటోమేటిక్ టాగిల్ అనే ఎంపిక ఉంది, దాన్ని ఆన్ చేయండి.

రెండో అడుగు: వైరింగ్

సెన్సార్ ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ తీగలు ప్రో మినీలో ఏ4, ఏ5కు వెళ్తాయి. ఆ రెండు రంధ్రాలు బోర్డు అంచున కాకుండా లోపలివైపు ఉంటాయి. బటన్‌ను 2వ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య పెట్టండి, ఎందుకంటే నిద్రలో ఉన్న బోర్డును ఆ పిన్ లేపగలదు. 3వ పిన్ నుంచి 470 ఓమ్‌ల ద్వారా ట్రాన్సిస్టర్ బేస్‌కు. బ్యాటరీ ప్లస్ నుంచి 22 ఓమ్‌లు, ఎల్‌ఈడీ, కలెక్టర్. ఎమిటర్ గ్రౌండ్‌కు. బ్యాటరీ ప్లస్ మరో దారిలో బోర్డు మీద RAW అని రాసి ఉన్న పిన్‌కు.

22 ఓమ్‌లు ఎందుకంటే, ఎల్‌ఈడీ మీద సుమారు 1.35 వోల్టులు, ట్రాన్సిస్టర్ మీద 0.2 పోతే, నిండు బ్యాటరీ 4.2 వోల్టుల దగ్గర 120 మిల్లీఆంపులు వస్తాయి. 3.5 దగ్గర దాదాపు 90. వెలుగు కొద్ది క్షణాలే, అదీ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఎల్‌ఈడీకి ఇబ్బంది లేదు. ఈ విద్యుత్తును నేరుగా ఆర్డ్యునో పిన్ నుంచి లాగితే పిన్ తట్టుకోలేదు. కెపాసిటర్‌ను బ్యాటరీ ప్లస్, గ్రౌండ్ మధ్య, ఎల్‌ఈడీకి దగ్గరగా పెట్టండి. అది లేకపోతే ఎల్‌ఈడీ వెలిగే ప్రతిసారీ వోల్టేజీ కుంగి సెన్సార్ తప్పుడు అంకెలు చెప్పొచ్చు.

మూడో అడుగు: సైగలు

ఇక్కడే నిదానించండి. రిమోట్ చేతికి నచ్చేదీ నచ్చనిదీ ఇక్కడే తేలుతుంది.

బటన్ నొక్కి ఉన్నంతసేపే కదలికలు లెక్కలోకి రావాలి. బటన్ వాడితే మాయ పోతుందని కొందరు బాధపడతారు. నేనూ మొదట అలాగే అనుకుని బటన్ లేకుండా కట్టాను. స్టాండ్ మీంచి తీసిన ప్రతిసారీ ఛానల్ మారేది, దగ్గినా శబ్దం పెరిగేది. అసలు ప్రాప్‌లలో కూడా బొటనవేలి కింద ఏదో ఒక మీట ఉంటుంది కదా, నొక్కడం ఆ నటనలో భాగమే. బటన్ వల్ల మరో మేలు కూడా ఉంది. గుండ్రటి కడ్డీని మనం ఎటు తిప్పి పట్టుకున్నామో సెన్సార్‌కు తెలియదు. బొటనవేలు ఎప్పుడూ బటన్ మీదే ఉంటే పైకేదో పక్కకేదో ఖాయమవుతుంది.

యాక్సిలరోమీటర్‌ను 8 జి పరిధిలో (జి అంటే భూమి గురుత్వాకర్షణ త్వరణం), గైరోను సెకనుకు 1000 డిగ్రీల పరిధిలో పెట్టండి. అప్పుడు 4096 అంకెలు ఒక జి, 32.8 అంకెలు సెకనుకు ఒక డిగ్రీ. ప్రతి 5 మిల్లీసెకన్లకు ఒకసారి చదవండి. కదలకుండా పెట్టినా ఈ గైరో సున్నా చూపదు, సెకనుకు 20 డిగ్రీల వరకు తేడా ఉండొచ్చని దాని డేటాషీటే చెబుతుంది. అందుకే పవర్ ఇచ్చినప్పుడు కదలకుండా ఉంచి 500 రీడింగ్‌ల సగటు తీసి, తర్వాత ప్రతి రీడింగ్ నుంచీ దాన్ని తీసేయండి. కింద ఎక్స్ అక్షం అంటే కడ్డీ పొడవు వెంట ఉన్నది.

శబ్దానికి మణికట్టు తిప్పడం. బటన్ నొక్కిన క్షణాన కడ్డీ ఒరిగిన కోణాన్ని గుర్తుపెట్టుకోండి. యాక్సిలరోమీటర్ వై, జెడ్ అంకెల ఆర్క్‌టాంజెంటే ఆ కోణం. అక్కడి నుంచి కుడికి 35 డిగ్రీలు దాటి 150 మిల్లీసెకన్లు అక్కడే ఉంటే శబ్దం ఒక మెట్టు పెంచండి, అలాగే పట్టుకుంటే ప్రతి 250 మిల్లీసెకన్లకు మరో మెట్టు. 20 డిగ్రీల లోపుకు వస్తే ఆపండి. ఎడమకు తిప్పితే తగ్గించడం. ఈ పద్ధతిలో చెయ్యి వెనక్కి రావడం ఆదేశం కాదు, ఆగడం మాత్రమే. గైరో వేగంతో చేస్తే కుడికి తిప్పి పెంచిన శబ్దం చెయ్యి వెనక్కి రాగానే తగ్గిపోతుంది. ఇంకో అందం ఏమిటంటే, కడ్డీ తన అక్షం చుట్టూ తిరిగినంతసేపూ కొన టీవీ వైపే చూస్తుంది. గురి చెదరదు. పదే పదే పంపాల్సిన ఆదేశానికి ఇంతకంటే తగిన సైగ లేదు.

ఛానల్‌కు పక్కకు విసురు. సెకనుకు 60 డిగ్రీలు దాటగానే లెక్క మొదలుపెట్టి, ఆ లోపుకు తగ్గగానే ముగించండి. మధ్యలో గరిష్ఠ వేగం 300 దాటి, మొత్తం కోణం 25 డిగ్రీలు మించితే విసురు. ఒకసారి గుర్తించాక బటన్ వదిలేదాకా ఇంకే కదలికనూ చూడకండి. నొక్కుకు ఒకటే విసురు. చెయ్యి వెనక్కి వచ్చే బాధ అలా తీరుతుంది.

కానీ పక్కకు విసిరిన క్షణాన కొన గోడ వైపు ఉంటుంది. అప్పుడే కోడ్ పంపితే టీవీకి చేరేది అదృష్టం మీద ఆధారపడుతుంది. కాబట్టి గుర్తించగానే మోటార్‌ను చిన్నగా మోగించి, బటన్ వదిలినప్పుడు కోడ్ పంపండి. విసిరి, చేతిలో జిల్లుమని, కొన తిరిగి టీవీ వైపు వచ్చాక వేలు వదలడం పదిసార్లు చేసేసరికి అలవాటైపోతుంది. సినిమాలో చూసిన లయ కూడా అలాగే ఉంటుందని గమనించాను, ముందు కదలిక, చిన్న విరామం, ఆ తర్వాత ఫలితం.

పవర్‌కు కడ్డీని నిటారుగా పైకెత్తి ఒక సెకను నిలపడం. ఎక్స్ అక్షం 0.9 జి దాటి, గైరో సెకనుకు 30 డిగ్రీల లోపు ఉండాలి. దీని కోడ్ కూడా కడ్డీని కిందికి దించి బటన్ వదిలినప్పుడే వెళ్లాలి. పొరపాటున జరగని సైగ కావాలి కాబట్టి దీన్ని ఎంచుకున్నాను. నిటారుగా ఉన్నప్పుడు ఒరుగు కోణం లెక్కకు అందదు, కాబట్టి ఆ సమయంలో శబ్దం సైగను మూసేయండి.

మ్యూట్‌కు వేలితో రెండు తట్లు. గైరో దాదాపు నిశ్చలంగా ఉండగా 2.5 జి దాటే చిన్న పోటు, 400 మిల్లీసెకన్లలోపు ఇంకొకటి. మోటార్ మోగిన తర్వాత 200 మిల్లీసెకన్లు తట్లను వినకండి, దాని వణుకునే తట్టు అనుకుంటుంది. పై అంకెలన్నీ నా చేతికి కుదిరినవి. మీ చేత్తో ప్రతి సైగా ఇరవైసార్లు చేసి, సీరియల్ మానిటర్‌లో అంకెలు చూసి సరిచేసుకోండి. బరువైన షెల్ అయితే వేగం హద్దును తగ్గించాల్సి వస్తుంది.

ముందుకు పొడవడం, గాల్లో వృత్తం గీయడం లాంటివి వద్దు. పొడుపు సగంసార్లు విసురులా కనిపిస్తుంది, వృత్తం ప్రతిసారీ వేరుగా వస్తుంది.

నాలుగో అడుగు: బిగింపు, బ్యాటరీ

సెన్సార్ వదులుగా ఉంటే పైన చెప్పిందంతా వృథా. దాన్ని గట్టి ప్లాస్టిక్ పట్టీకి స్క్రూతోనో ఎపాక్సీతోనో బిగించండి. మెత్తటి ఫోమ్ టేప్ వద్దు, తట్టును మింగేస్తుంది. దాని ఎక్స్ అక్షం కడ్డీ పొడవుతో కలవాలి. మోటార్ మరో చివర ఉండాలి. అన్నీ ఒకే పట్టీ మీద అమర్చి షెల్‌లోకి జార్చేలా కడితే, తర్వాత మరమ్మతుకు షెల్ పగలగొట్టే అవసరం రాదు.

ఛార్జింగ్ విషయంలో జాగ్రత్త. టీపీ4056 ఛార్జర్ బోర్డులు మామూలుగా 1 ఆంప్ ఇచ్చేలా వస్తాయి. 150 మిల్లీఆంప్ అవర్ బ్యాటరీకి అది ప్రమాదం, ఉబ్బి మంటలు అంటుకోవచ్చు. బోర్డులో ఉన్న 1.2 కిలోఓమ్‌ల రెసిస్టర్ తీసి 10 కిలోఓమ్‌లది పెడితే 130 మిల్లీఆంపులకు తగ్గుతుంది. బ్యాటరీని పదునైన టంకం మొనలకు తగలనివ్వకండి, మధ్యలో ఇన్సులేషన్ పొర పెట్టండి.

మెలకువగా వదిలేస్తే బోర్డు, సెన్సార్ కలిసి 10 మిల్లీఆంపులు లాగినా బ్యాటరీ 15 గంటల్లో అయిపోతుంది. కాబట్టి 20 సెకన్లు బటన్ నొక్కకపోతే సెన్సార్‌నూ చిప్‌నూ నిద్రపుచ్చండి. లేచినప్పుడు మొదటి గైరో సగటునే వాడండి, మళ్లీ కొలవొద్దు, అప్పటికే అది చేతిలో కదులుతూ ఉంటుంది. ప్రో మినీ మీదా సెన్సార్ మాడ్యూల్ మీదా ఎప్పుడూ వెలిగే చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. వాటిని ఊడదీయకపోతే నిద్రపుచ్చినా ఫలితం తక్కువే.

కొన్న రెప్లికాలో మామూలు ఆల్కలైన్ సెల్స్ ఉంటే, నెలల తరబడి అల్మరాలో పెట్టేటప్పుడు తీసేయండి. కారిన ద్రవం లోపలి స్ప్రింగులను తినేస్తుంది. అలా పాడైన వాటిని రెండింటిని శుభ్రం చేశాను. తెల్లటి పొడిని కొంచెం వెనిగర్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడిచి ఆరబెడితే ఒకటి బతికింది, రెండోదాని స్ప్రింగ్ చేతిలోనే విరిగిపోయింది.